కాలిపర్‌కు రంగు సరే, ఎక్కడ వేయకూడదో ముందు చూసుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మైలేజీ గొడవ తక్కువ. అల్లాయ్ వీల్ సందుల్లోంచి కనపడే బ్రేక్ కాలిపర్‌కు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ను ప్యాడ్లతో రెండువైపులా నొక్కి కారు ఆపే భాగానికి, ఇంట్లోనే రంగు వేసుకోవచ్చా అని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ సంచికలో దీని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: అన్నా, నాది ఆరేళ్ల నాటి చిన్న కారు. ఈమధ్యే అల్లాయ్‌లు వేయించాను. చక్రాలు తళతళా మెరుస్తుంటే లోపల కాలిపర్లు తుప్పుపట్టి ఇటుక రంగులో కనపడుతున్నాయి, చూసినప్పుడల్లా చిరాకుగా ఉంది. ఎర్ర రంగు వేద్దామని అడిగితే షాపువాళ్లు కాలిపర్ విప్పాలి, బ్రేక్ ఆయిల్ తీసి మళ్లీ పోయాలి అంటున్నారు. నిజంగా విప్పాలా? ఇంట్లో అయ్యే పనేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: విప్పక్కర్లేదండీ. షాపువాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు, కాలిపర్ పూర్తిగా ఊడదీసి బల్ల మీద పెట్టి వేస్తే వెనకవైపు కూడా నున్నగా వస్తుంది. కానీ దానికి బ్రేక్ హోస్ (ఆయిల్ వచ్చే గొట్టం) విప్పాలి, విప్పితే లైన్లోకి గాలి చేరుతుంది, మళ్లీ ఆయిల్ పోసి గాలి తీయాలి. ఆ పని రానివాళ్లు ఇంట్లో మొదలుపెడితే రంగు సంగతి దేవుడెరుగు, పెడల్ తొక్కితే కారు ఆగని పరిస్థితి వస్తుంది. కాలిపర్ వీపు ఎవరికి కనపడుతుంది చెప్పండి? చక్రం తీసి, కాలిపర్‌ను ఉన్నచోటే ఉంచి, బయటికి కనపడే మేరకు బ్రష్‌తో వేసుకోండి. నా ఓటు దానికే.

ఇంకో మాట. మన చిన్న కార్లలో ముందు చక్రాలకు ఎక్కువగా ఉండేది ఒకే పిస్టన్ ఉన్న పోత ఇనుము కాలిపర్. పోత ఇనుము మీద పైపైన తుప్పు రావడం మామూలే, దానివల్ల బ్రేకు తగ్గదు. అంటే ఇది అందం కోసం చేసే పనే తప్ప రిపేరు కాదు.

కారు బాగా చల్లారాక చదునైన గట్టి నేల మీద పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి, పైకి లేపాక బలం పెడితే చక్రం తిరిగిపోతుంది, కారు జాకీ మీద ఊగుతుంది. లేపిన తర్వాత స్టాండ్ పెట్టి బరువు దాని మీదికి దించండి. స్టాండ్ లేకపోతే ఈ పని మొదలే పెట్టకండి. ఇటుకలు పేర్చి నిలబెట్టేవాళ్లున్నారు, ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు. తీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే ఇంకాస్త ధీమా.

తర్వాత వచ్చేది విసుగు పుట్టించే పని, అసలు పని కూడా అదే. కాలిపర్ మీద నల్లగా అంటుకుని ఉండేది మామూలు మట్టి కాదు. ప్యాడ్ల పొడి, డిస్క్ నుంచి రాలిన ఇనుప రజను, ఎక్కడో కారిన గ్రీజు అన్నీ కలిసి గట్టిపడిన పొర అది. దాన్ని గాలి కొట్టి ఊదకండి, ఆ పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకుని, సబ్బునీళ్లతో తడిపి, వైర్ బ్రష్‌తో రుద్దండి. పోత పోసినప్పుడు పడిన నంబర్లు, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి చూడండి, తుప్పు పొలుసులు వాటి సందుల్లో దాక్కుంటాయి. పైకి శుభ్రంగానే కనపడుతుంది కానీ గోటితో గీకితే ఎర్రపొడి రాలుతుంది. అక్కడ పాత టూత్‌బ్రష్ పెట్టి, ఉప్పుకాగితం ముక్క మడిచి, ఓపిగ్గా గీకాలి. కొన్ని నెలలకే రంగు పెచ్చులూడిపోయిందని బాధపడేవాళ్ల కాలిపర్ చూస్తే ఊడడం ఆ సందుల నుంచే మొదలై ఉంటుంది. రబ్బరు బూట్లకు (దుమ్ము చొరకుండా ఉండే తొడుగులు), హోస్‌కు మాత్రం వైర్ బ్రష్ తగలనివ్వకండి.

ఆరాక బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. మన ఇళ్లలో దేనికైనా పెట్రోలు, కిరసనాయిలు బయటికి తీస్తారు, ఇక్కడ ఆ రెండూ వద్దు. పెట్రోలు జాతి నూనెలు తగిలితే కాలిపర్ సీళ్లు, బూట్లు ఉబ్బిపోతాయి. పైగా కిరసనాయిలు జిడ్డు మిగులుస్తుంది, జిడ్డు మీద ఏ రంగూ నిలవదు.

ఇప్పుడు మాస్కింగ్ టేపు. డిస్క్ మొత్తం కప్పేయండి. ప్యాడ్లు, ప్యాడ్ రెండు చివర్లా ఉండే చెవులు జారే గాడి, కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నుల మీది రబ్బరు బూట్లు, పిస్టన్ చుట్టూ ముడతలు ముడతలుగా ఉండే డస్ట్ బూట్, బ్రేక్ హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు, గాలి తీసే నిపుల్, వీటిలో దేనికీ రంగు తగలకూడదు. నిపుల్ రంధ్రం రంగుతో పూడిపోతే తర్వాతెప్పుడో గాలి తీయబోయిన మెకానిక్ మిమ్మల్నే తిట్టుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, చక్రం ఆనుకునే ముఖం, అంటే వీల్ స్టడ్లు బయటికి వచ్చే ఆ గుండ్రటి చోటు. అక్కడ రంగు పొర ఉంటే నట్లు బిగించినప్పుడు బిగువుగానే అనిపిస్తుంది, తీరా కారు తిరిగాక ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి.

రంగు డబ్బా మీద కాలిపర్ పెయింట్ అని రాసి ఉన్నదే కొనండి. వేడి ఒక్కటే చూసుకుంటే చాలదు, బ్రేక్ ఆయిల్‌ను కూడా తట్టుకోవాలి. డాట్ 3, డాట్ 4 అనే రకాల బ్రేక్ ఆయిళ్లు మామూలు పెయింట్‌ను ఉడకబెట్టినట్టు లేపేస్తాయి. హార్డెనర్ కలిపి బ్రష్‌తో వేసే రకం దొరికితే ఇంటి పనికి అదే మేలు, తుంపర గోల ఉండదు. కాకపోతే కలిపాక గట్టిపడుతూ ఉంటుంది కాబట్టి మొత్తం డబ్బా ఒకేసారి కలపకుండా రెండు కాలిపర్లకు సరిపడా కలుపుకోండి. స్ప్రే అయితే ముందు రెండు పల్చటి కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య పది నిమిషాలు, ఆ తర్వాత ఒక నిండు కోటు. మొదటి కోటుకే ఇనుము కనపడకుండా చేయాలని చూస్తే కారుతుంది, కారిన చోట బుడిపె మిగులుతుంది. బ్రష్‌తో కూడా అంతే, ఒకే దిక్కుకు లాగండి, సగం ఆరిన చోటికి మళ్లీ వెళ్లి దిద్దకండి.

వాతావరణం కూడా చూసుకోవాలి. ముసురు పట్టిన రోజు వేస్తే తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. రోహిణి కార్తె ఎండలో, చెయ్యి పెడితే కాలే ఇనుము మీద వేస్తే పరుచుకునేలోపే ఎండిపోయి గరుకుగా మిగులుతుంది. పొద్దున్నే నీడలో చేసుకోండి.

తాకి చూసి అంటుకోవడం లేదు కదా అని వెంటనే చక్రం ఎక్కించకండి, రాత్రంతా వదిలేయండి. కొన్ని స్ప్రే కాలిపర్ పెయింట్లు 93 డిగ్రీల వేడి ఓ గంట తగిలితే గానీ పూర్తిగా గట్టిపడవు, ఆ మాట డబ్బా మీదే రాసి ఉంటుంది. ఇంట్లో ఆ వేడి ఎక్కడ నుంచి తెస్తాం? తర్వాత బండి నడిపేటప్పుడు నెమ్మదిగా పట్టాల్సిందే. కాబట్టి మొదటి కొన్ని రోజులు ప్రెషర్ వాష్ కొట్టించకండి. నట్లు నక్షత్రం ఆకారంలో, ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. ఎంత బిగించాలన్నది మీ కారు పుస్తకంలో ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య. కదిలించే ముందు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకుని అప్పుడు గేర్ వేయండి.

ప్రశ్న: బైక్ సైలెన్సర్‌కు కొట్టిన మ్యాట్ బ్లాక్ స్ప్రే సగం డబ్బా మిగిలింది. అది 600 డిగ్రీలు తట్టుకుంటుందట. కాలిపర్‌కు అదే కొట్టేస్తే పోలా? – వరంగల్ నుంచి

జవాబు: పోదు. మంచి ప్రశ్నే, ఎందుకంటే లెక్క ప్రకారం ఎక్కువ వేడి తట్టుకునేది మేలు అనిపిస్తుంది. కానీ ఆ రకం సిలికాన్ పెయింట్ గట్టిపడాలంటే ముందు దానికి బాగా వేడి తగలాలి. సైలెన్సర్ నాలుగు కిలోమీటర్లకే సలసలా కాగుతుంది కాబట్టి అక్కడ కుదురుతుంది. ఊళ్లో తిరిగే కారు కాలిపర్‌కు అంత వేడి రాదు, అందుకని రంగు ఎప్పటికీ పచ్చిగానే ఉండి గోటికి లేస్తుంది, బ్రేక్ ఆయిల్ చుక్క పడితే ఆ చోట ఇనుము తేలుతుంది. అన్నట్టు ఆయిల్ ఎక్కడ ఒలికినా ముందు గుడ్డ వెతుక్కోకండి, నీళ్లు పోసి కడగండి, అది నీళ్లలో కరిగిపోయే రకం. ఆ సగం డబ్బాను మళ్లీ సైలెన్సర్‌కే దాచుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముందు రెండు కాలిపర్లకు స్ప్రే కొట్టాను. పేపర్లు అడ్డం పెట్టే కొట్టాను. అప్పటి నుంచి బ్రేక్ వేస్తే కీచుమంటోంది. నిన్న ఆఫీసుకు వెళ్లేసరికి కుడివైపు చక్రం దగ్గర మాడు వాసన, స్టీరింగ్ కూడా కుడికి లాగుతోంది. రంగు కాలడం వల్లే వాసన అంటున్నాడు మా ఫ్రెండ్. టెన్షన్ పడాలా? – కూకట్‌పల్లి నుంచి

జవాబు: పడండి. ఆ కారు ఇక నడపకండి, మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి. కొత్త రంగు కాస్త వాసన వేయడం నిజమే, కానీ రంగు వాసనకు స్టీరింగ్ లాగదు. కుడి బ్రేక్ వదలకుండా పట్టుకుని ఉందన్నమాట.

మీ దగ్గర రెండు వేర్వేరు తప్పులు కలిసినట్టున్నాయి. కీచు శబ్దం బహుశా డిస్క్ మీద పడిన తుంపర వల్ల. పేపరు అడ్డం పెడితే స్ప్రే ఆగదు, అంచుల కిందుగా వెళ్తుంది, అంచులు టేపుతో అంటించాలి. డిస్క్ మీది రంగును బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయొచ్చు, పోతుంది. కానీ మీరు తుడవకుండా నడిపారు కాబట్టి అది ప్యాడ్ ముఖానికి పూసుకుని ఉంటుంది. పైపైన ఉంటే ఉప్పుకాగితం మీద రుద్దితే సరిపోవచ్చు, లోపలికి ఇంకితే ప్యాడ్లు మార్చాల్సిందే, అదీ కుడి ఒక్కటే కాదు, రెండువైపులా.

లాగడం అంతకన్నా పెద్ద విషయం. ప్యాడ్ రెండు చివర్లా చెవుల్లా ఉండే భాగాలు బ్రాకెట్ గాడిలో జారుతుంటాయి. పెడల్ వదలగానే ప్యాడ్ వెంట్రుకవాసి వెనక్కి జరగాలి. ఆ గాడిలో ఖాళీ చాలా తక్కువ, రెండు కోట్ల రంగు పడినా ప్యాడ్ ఇరుక్కుపోతుంది. లేదా గైడ్ పిన్ను బూట్ ముడతల్లో రంగు ఎండి కాలిపర్ జరగడం మానేసి ఉంటుంది. మెకానిక్ వచ్చాక చక్రం లేపి చేత్తో తిప్పి చూడమనండి, ఎడమది తిరిగినంత సులువుగా కుడిది తిరగకపోతే సంగతి తేలిపోయినట్టే. ప్యాడ్లు తీసి, గాడిలో రంగు పూర్తిగా గీకి, క్లిప్పులు కొత్తవి వేసి, పిన్నులు తుడిచి బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు రాయాలి. బేరింగ్ గ్రీజు రాయబోతే వద్దనండి, రబ్బరు ఉబ్బుతుంది. చిరిగిన బూట్ ఉంటే అదీ మార్చాలి. మీ స్నేహితుడికి బిర్యానీ పెట్టించండి, సలహా మాత్రం అడక్కండి.

సెల్లార్‌లో స్ప్రే కొట్టడం కూడా మంచిది కాదు. గాలాడదు, ఆ ఆవిరి మండే రకం, పైగా తుంపర పక్కవాళ్ల తెల్ల కారు మీద వాలితే మీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నెలరోజులు మీ పేరే.

ప్రశ్న: మా తమ్ముడు ఆన్‌లైన్‌లో ఎర్రటి ప్లాస్టిక్ కాలిపర్ కవర్లు తెప్పించాడు, మీద బ్రెంబో అని ఉంది. రంగు గొడవ లేకుండా అతికిస్తే చాలంటున్నాడు. పెట్టనివ్వొచ్చా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దమ్మా. కాలిపర్ వేడి గాలిలోకి పోవాలి, మీద డొప్ప పెడితే ఆ వేడి లోపలే ఉంటుంది. జిగురు వేడికి వదిలితే ఆ ముక్క తిరిగే చక్రానికీ కాలిపర్‌కూ మధ్య పడుతుంది, హైవే మీద అది ఎంత గీరుతుందో ఊహించుకోండి. బ్రెంబో 1961లో మొదలైన ఇటలీ కంపెనీ, నిజంగా మంచి బ్రేకులు చేస్తుంది. ఒక్క పిస్టన్ కాలిపర్‌కు ఆ పేరు డొప్ప తగిలిస్తే కారు రెండడుగులు ముందు ఆగదు కదా. తెలిసినవాళ్లు చూస్తే నవ్వుకుంటారు కూడా. వాపసు గడువు ఉంటే పంపించేయమనండి.

ప్రశ్న: నా కారుకు వెనక డిస్కులు లేవు, డ్రమ్ములే. సముద్రపు గాలికి అవి మరీ ఘోరంగా తుప్పు పట్టాయి. వాటికీ రంగు వేయొచ్చా? ముందు ఎరుపు, వెనక కూడా ఎరుపేనా? – నెల్లూరు నుంచి

జవాబు: వేయొచ్చు, నిజానికి డ్రమ్ముకు వేయడం కాలిపర్ కన్నా సులువు. బయటి ముఖం, అంచు శుభ్రం చేసి వేడి తట్టుకునే రంగు వేయండి. డ్రమ్ము ఊడదీయక్కర్లేదు, లోపల షూలు రాసుకునే చోటుకు రంగు అసలే వెళ్లకూడదు. చక్రం ఆనుకునే ముఖానికి టేపు వేయడం ఇక్కడా తప్పనిసరి. వెనక వైపు లేపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వల్ల ఉపయోగం లేదు, అది పట్టుకునేది గాల్లో ఉన్న చక్రాలనే, అందుకని ముందు చక్రాలకు దిమ్మలు గట్టిగా పెట్టి గేర్‌లో ఉంచండి. రంగు మీ ఇష్టం, నన్నడిగితే డ్రమ్ముకు నలుపు గానీ వెండి రంగు గానీ. ఎర్ర డ్రమ్ము నాకెందుకో నచ్చదు, దాచాల్సినదాన్ని ఎత్తి చూపినట్టు ఉంటుంది.

ప్రశ్న: కాలిపర్ రంగు మారిస్తే పోలీసులు మోడిఫికేషన్ అని చలానా రాస్తారా? – కరీంనగర్ నుంచి

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఆర్‌సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. బాడీ రంగు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి అది మారిస్తే ఆర్టీఓ దగ్గరికి వెళ్లాలి. కాలిపర్ ఏ రంగో ఆర్‌సీలో ఎక్కడా ఉండదు. నిశ్చింతగా వేసుకోండి.

ప్రశ్న: మేముండేది న్యూజెర్సీలో. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, నాలుగేళ్లకే కాలిపర్లు పొలుసులు పొలుసులుగా అయ్యాయి. క్రిస్మస్ సెలవుల్లో గరాజ్‌లో హీటర్ పెట్టుకుని వేసుకుందామని ఉంది. – ఒక పాఠకుడు

జవాబు: హీటర్ పక్కన పెయింటా? థిన్నర్ ఆవిరికి నిప్పు తగిలితే గరాజే మిగలదు. తలుపు మూస్తే పీల్చలేరు, తెరిస్తే చలికి రంగు ఆరదు. ఏప్రిల్, మే దాకా ఆగండి. ఉప్పు తిన్న కాలిపర్ విషయంలో రంగు కన్నా ముందు చూడాల్సింది గైడ్ పిన్నులు చేత్తో నొక్కితే జరుగుతున్నాయా, పిస్టన్ బూట్ ఎక్కడైనా చిరిగిందా అని. పిన్ను బిగుసుకుని ఉంటే ముందు దాని పని చూడండి. అక్కడ పాత కాలిపర్ ఇచ్చి బాగుచేసినది తెచ్చుకునే పద్ధతి ఉంది కదా, వాటిలో ముందే పూత వేసినవి కూడా దొరుకుతాయి. మరీ పొలుసులైతే ఆ దారి చవక.

ప్రశ్న: శనివారం పొద్దున కుటుంబమంతా కారులో తిరుమల వెళ్తున్నాం. శుక్రవారం సెలవు, ఆ రోజు కాలిపర్లకు పసుపు రంగు వేసేద్దామని సామానంతా తెచ్చాను. సరిపోతుంది కదా? – కర్నూలు నుంచి

జవాబు: సామాను అలమరాలో పెట్టేయండి, కొండకు వెళ్లొచ్చాక వేద్దురుగాని. దిగేటప్పుడు మిమ్మల్ని పంపేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా, మలుపు మీద మలుపు. బ్రేక్ మీద కాలు పెట్టి దిగేవాళ్ల డిస్కులు రెండు మూడు వందల డిగ్రీలకు సులువుగా పోతాయి. పచ్చి రంగు దాని పక్కన ఉంటే వాసన, పొగ రావడం ఖాయం. రంగు పాడైతే మళ్లీ వేసుకోవచ్చు, నా బెంగ అది కాదు. మామూలుగా అయితే ఘాట్‌లో మాడు వాసన వస్తే బ్రేకులు మితిమీరి వేడెక్కాయని అర్థం, వెంటనే వీలున్న చోట పక్కన ఆపి చల్లారనివ్వాలి. కొత్త రంగు ఉంటే ఆ వాసన దేనిదో మీకు తెలియదు, పెయింట్‌దేలే అనుకుని దిగుతూనే ఉంటారు.

శుక్రవారం సెలవు ఉందన్నారు కాబట్టి దాన్ని బ్రేక్ ఆయిల్‌కు వాడండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకున్నాక అదే ఆయిల్ 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4 అయితే 230, 155. మరిగితే లైన్లో బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. మీరు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే శుక్రవారం మార్పించేయండి, బానెట్ కింద డబ్బా మూత మీద ఏ డాట్ నంబరు ఉంటే అదే పోయించండి. ప్యాడ్లు ఎంత మిగిలాయో కూడా అప్పుడే చూడమనండి. శనివారం దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉంచి ఇంజిన్ పట్టుతోనే దిగండి, ఏటవాలు మరీ ఎక్కువైన చోట ఫస్ట్‌కు తగ్గించండి, బ్రేక్ వేయాల్సి వస్తే గట్టిగా వేసి వదిలేయండి, పెడల్ మీద కాలు ఆనించి ఉంచకండి. పసుపు డబ్బా మీరు వచ్చేదాకా ఎక్కడికీ పోదు, కాకపోతే బ్రేక్ పొడికి వారంలోనే మురికిగా కనపడే రంగు అది, దొరికితే ముదురు బూడిద రంగుకు మార్చుకోండి.